నాలుగు వందల తొమ్మిదో రశీదు

మేడ్చల్‌లో హైవేని ఆనుకుని ఉన్న ఒక హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో మా సత్సంగం హాలు ఉంది. కింద ఇనుప కడ్డీలు కోస్తుంటారు. పైన మేం ఇరవై మంది దాకా ఆడవాళ్లం గోడకు ఆనుకుని కూర్చుని పత్తి వత్తులు చేస్తుంటాం. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటి దాకా. కొత్తగా వచ్చినవాళ్లు ఆ కోత చప్పుడుకు చెవులు మూసుకుంటారు. మాకు అది వినబడటం మానేసి చాలా ఏళ్లయింది.

వత్తులు చేయడంలో మాకొక పద్ధతి ఉంది. ఆ కట్ట ఎవరి ఇంటి దీపానికి పోతుందో వాళ్ల పేరు, గోత్రం ముందుగా నేను చదువుతాను. వీరికి ఆయురారోగ్యాలు కలగాలి అంటాను. అందరూ కలగాలి అంటారు. ఇక ఆ కట్టలోని నూట ఎనిమిది వత్తులూ పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. వేళ్లకు విభూతి అద్దుకుని, పత్తి లాగి, మెలితిప్పి, ఆ పేరే మనసులో అనుకుంటూ ఉండాలి. మా గురువుగారు పెట్టిన నియమం అది. ఆయన పోయాక కూడా మేం దాన్ని తప్పలేదు.

నేను శామీర్‌పేటలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. అందుకే నన్ను అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. కానీ నేను అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు. మా నాయిన భజనకు పట్టుకుపోయే పుస్తకంలో. ఆయన వేలు ఎక్కడ ఉంటే అక్కడ నా కళ్లు ఉండేవి. తరువాత గురువుగారి దగ్గర ముప్పై ఏళ్లు పురాణం విన్నాను, పారాయణం చేశాను, అర్థాలు రాసుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదని ముందే తెలియాలి. ఏది ఎవరిదో, ఎవరు ఎంత దూరం రావచ్చో మా శాస్త్రంలో గీత గీసినట్టు ఉంటుంది. ఆ గీతలు నాకు కంఠతా వచ్చు.

మా వత్తులకు పేరు వచ్చాక బౌరంపేట్, దుండిగల్ వైపు కొత్త కాలనీల నుంచి కూడా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఫోన్లో గోత్రాలు రాసుకోలేక నేను అలసిపోయాను. అప్పుడే ఆన్‌లైన్ దుకాణం పెడదామని అనుకున్నాం. సూరారంలో పెళ్లి కార్డులు అచ్చువేసే ఒకాయన ఉన్నాడు, వెబ్‌సైట్లు కూడా చేస్తాడు. ఆయనే తయారుచేసి పెట్టాడు. డబ్బు కట్టించుకునే భాగం మాత్రం ఆయన రాసింది కాదు. ఏదో కంపెనీ చేసిన సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి తగిలించాడు. డబ్బు అందగానే అదే ఒక రశీదు తయారుచేసి, దాని లింకును కొన్నవాళ్ల ఫోనుకు పంపుతుంది. ఆ లింకు చివర రశీదు నంబరు ఉంటుంది.

ఆ దుకాణంలో నేను అడిగి పెట్టించిన గడి ఒకటి ఉంది. పేరు, గోత్రం, చిరునామా కింద మీ కోరిక అని ఉంటుంది. ఇష్టమైతే రాయవచ్చు, లేకపోతే వదిలేయవచ్చు. ఆ కోరికలను మేం చదవం. సూరారం దుకాణంలోనే అవి అచ్చయి, కవరులో పెట్టి అంటించి మాకు వస్తాయి. ఏకాదశి నాడు కవరు విప్పకుండానే దేవుడి పాదాల దగ్గర పెట్టి, పూజ అయ్యాక తులసికోట మట్టిలో కలిపేస్తాం. ఈ మాట దుకాణం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయించాను. మీ కోరిక మీకూ దేవుడికీ మధ్యనే ఉంటుంది అని. నాకు ఆ వాక్యం మీద కొంచెం గర్వం కూడా ఉండేది.

కొన్ని నెలలకు ఆ కంపెనీవాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం పంపారు. సూరారం ఆయన దాన్ని ఎక్కించాడు. ఆ రోజు నుంచి రశీదు చూడాలంటే ముందు ఫోను నంబరు కొట్టాలి, వచ్చిన ఓటీపీ కొట్టాలి, అప్పుడే తెరుచుకుంటుంది. మా వాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు. ఫోన్ల మీద ఫోన్లు. ఒకామె ఓటీపీని గోత్రం గడిలో కొట్టింది. ఇంకొకామె నా ఇంటికే వచ్చి, "టీచరమ్మా, గా దేవుడు గూడ నన్ను ఎవరు నువ్వని అడుగుతుండా ఇప్పుడు?" అంది. నాకు జాలేసింది. సూరారానికి ఫోను చేశాను.

"మేడం, ఊకె అడుగుతలేదది. కంపెనోళ్లు ఏదో బాగు చేసి పంపిన్రు. తీసెయ్యొద్దు అంటున్న."

"ఏం బాగు చేసిన్రో గాని, మా ముసలోళ్లు పరేషాన్ అవుతున్నరు. పాతదే పెట్టు."

"పాతది పెడితే మల్ల నన్ననొద్దు."

"అనను. ప్రసాదానికి వచ్చినోళ్లను నువ్వెవరని అడుగుతమా? పెట్టు నాయినా."

ఆయన పెట్టాడు. నేను చేయించిన పని అది. ఎవరినీ ఆపకూడదన్నదే నా మనసులో ఉంది. వైకుంఠం వాకిట్లో కాపలా ఉన్న ఇద్దరు, ఆపకూడని వాళ్లను ఆపి శాపం తెచ్చుకున్న కథ నేను కనీసం పది సార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ ఆపినందుకే వాళ్లకు ఆ గతి పట్టిందని చెప్పాను. అసలు అక్కడ కాపలా ఎందుకు ఉన్నదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

* * *

పోయిన కార్తీకానికి ముందు ఒక శనివారం. మేం ఇంకా చాపలు పరుస్తున్నాం. బౌరంపేట్‌లోని ఒక గేటెడ్ కాలనీ నుంచి స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. వాళ్ల అమ్మగారు మా దగ్గర వత్తులు తీసుకుంటారు. ఈ అమ్మాయి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తుందని అప్పుడే తెలిసింది.

"ఆంటీ, ఒక్క నిమిషం బయటికి వస్తారా? అందరి ముందు చెప్పే మాట కాదండి."

మెట్ల మీద నిలబడ్డాం. కింద కడ్డీల కోత. ఆ అమ్మాయి తన ఫోనులో రశీదు చూపించింది. లింకు చివర నాలుగు వందల పన్నెండు అని ఉంది.

"ఇది నాదేనండి. ఇప్పుడు ఈ పన్నెండు తీసేసి పదకొండు కొట్టాననుకోండి, ఇంకెవరిదో తెరుచుకుంటుంది. నువ్వెవరివి అని అది అడగట్లేదు. పేరు, ఫోను, అడ్రసు, వాళ్లు రాసుకున్న కోరికతో సహా మొత్తం కనిపిస్తుంది."

నాకు మొదట అర్థం కాలేదు. "డబ్బులు పోతయా?" అని అడిగాను.

"డబ్బులేం పోవండి. డబ్బు కట్టారా లేదా అని చక్కగానే చూసుకుంటోంది. రశీదు అడుగుతున్నది కట్టిన మనిషేనా అని మాత్రం చూడట్లేదు. ఇది తెలిసిన లోపమేనండి. కంపెనీవాళ్లు ఎప్పుడో సరిచేసి పంపించారు. మీ దగ్గర ఇంకా పాతదే ఎందుకుందో మరి."

ఎందుకుందో నాకు తెలుసు. చెప్పలేదు. "నువ్వు ఎన్ని చూసినవమ్మా?" అని మాత్రం అడిగాను.

"రెండు చూశానండి. మొదటిది పొరపాటేమో అనుకుని రెండోది తెరిచాను. కోరిక దగ్గరికి వచ్చేసరికి మూసేశాను. మూడోది ముట్టుకోలేదు. అమ్మ అయితే ఫోన్లో చెప్పేయమంది, నాకే మనసొప్పలేదు. గ్రూపులో పెట్టకండి ఆంటీ. ముందు దుకాణం ఆపించండి."

గ్రూపు అనేసరికి నా ఫోను తీసి చూశాను. మా సత్సంగం వాట్సాప్ గ్రూపులో రశీదులు పెట్టుకోవడం అందరికీ అలవాటు. వత్తులకు కట్టినాం అని సంతోషంగా లింకు పెడతారు, మిగతావాళ్లు దండం బొమ్మలు పెడతారు. అంటే ఆ లింకుల్లో ఏ ఒక్కటి పట్టుకుని చివర అంకె మార్చినా చాలు.

సూరారం ఆయనకు మెట్ల మీదనే ఫోను చేశాను. అయిదు నిమిషాల్లో దుకాణంలో కొత్త ఆర్డర్లు ఆగిపోయాయి. పాత రశీదులు మూయడానికి మాత్రం గంటన్నర పడుతుందన్నాడు. ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. తలనొప్పి అని చెప్పి శామీర్‌పేట బస్సెక్కాను.

ఆ బస్సులో చేశాను నేను ఆ పని.

నిజమా కాదా అని చూద్దామనుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు. ఆ అమ్మాయి మాట నమ్మలేక కాదు, నా చేతులతో చూస్తే గానీ నా తప్పు ఎంతో తెలియదనుకున్నాను. గ్రూపులో ఎవరో పెట్టిన లింకు తీసుకుని, చివర నాలుగు వందల పదకొండు కొట్టాను. తెరుచుకుంది. బోరులో నీళ్లు పడాలి అని ఉంది. అక్కడితో నాకు కావలసింది తెలిసిపోయింది. అయినా పది కొట్టాను. ఒకామె తప్పిపోయిన కుక్క దొరకాలని రాసింది. నాకు నవ్వు కూడా వచ్చింది. ఇంత చిన్న కోరికలే కదా అనుకున్నాను. ఇక అంకె మార్చడం వేలికి అలవాటైపోయింది. పూసలు తిప్పినట్టు తిప్పాను.

నాలుగు వందల తొమ్మిది. పేరు గౌడవెల్లి అవ్వది. గోత్రం కింద ఊరు. ఆ కింద కోరిక.

"మా అత్తను జల్ది తీసుకపో సామీ. ఇగ నా శాత అయితలేదు."

బస్సు చెరువు కట్ట పక్క నుంచి పోతోంది. నేను ఫోను బోర్లా పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి మళ్లీ తిప్పి చూశాను, అదే మాట. సిగ్గు లేకుండా ఆ తరువాతవి కూడా చదివాను. ఇల్లు చేరేసరికి మొత్తం పదకొండు.

ఆ అత్తా కోడళ్లు ఎవరో చెప్పాలి. అవ్వ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లకు భజనలో పెద్ద గొంతు. మా నాయినతో కలిసి పాడిన మనిషి. మూడేళ్ల కిందట జారిపడి తుంటి విరిగింది, మళ్లీ లేవలేదు. కోడలు మేడ్చల్‌లో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోతుంది. భర్త లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే. పొద్దున అత్తకు కడిగి, బట్టలు మార్చి, తినిపించి, పక్కింటామెకు అప్పజెప్పి బండి మీద పోతుంది. రెండింటికి షిఫ్టు దిగి ఇంటికి పోయి మళ్లీ అదంతా చేస్తుంది. వారంలో ఒక్క శనివారం మాత్రం పక్కింటామె సాయంత్రం దాకా కూర్చుంటే, ఫ్యాక్టరీ నుంచి నేరుగా మా హాలుకు వస్తుంది. తలుపు పక్కన గోడకు ఒరిగి మూడు గంటలు వత్తులు చేస్తుంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఒకసారి నేను ఇరవై మంది ముందు ఆమెను చూపించి, "కోడలంటే గిట్లుండాలె" అన్నాను. ఆమె తల దించుకుంది. అణకువ అనుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. ఆ నాలుగు వందల తొమ్మిదో కట్ట అంతకుముందు శనివారమే చేశాం. జాబితాలో నాకు వచ్చేది పేరు, గోత్రం, ఊరు మాత్రమే. ఊరు చూసి అవ్వ పేరు గుర్తుపట్టి, కొడుకు కట్టి ఉంటాడనుకుని, నేను మామూలు కంటే గట్టిగా చదివాను. అవ్వకు ఆయురారోగ్యాలు కలగాలి అన్నాను. కలగాలి అని అందరూ అన్నారు. ఆ కోడలు కూడా అక్కడే కూర్చుని ఉంది.

* * *

ఆదివారం పొద్దున నేనూ మా సంఘం అధ్యక్షుడూ సూరారం పోయాం. ఆయన పెద్దమనిషి, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఏ విషయమైనా కాగితం మీద చూడాలంటాడు. కార్డుల ఆయన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఏ రశీదు ఎప్పుడు, ఎన్ని ఫోన్లలో తెరుచుకుందో చూపించాడు.

"సూడున్రి సార్. ఎవరిది ఆళ్లే తెరుసుకున్నరు. గీ నాలుగు వందల పది, పదకొండు మాత్రం ఒకలు తెరిసిన్రు. మొన్నటి పొద్దుగాల. గా టెస్టింగ్ అమ్మాయి అయి ఉంటది."

"ఇగో గిదేంది మరి? నిన్న సాయంత్రం వరుసగా పదకొండు?" అధ్యక్షుడు వేలు పెట్టి అడిగాడు.

"గది నేనే," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. కార్డుల ఆయనే ముందు తేరుకున్నాడు. "చెక్ చేసిన్రు, అంతే గదా మేడం."

"చెక్ చేయనీకి ఒకటి సాలు. పదకొండు సదివిన."

"నేను గూడ అచ్చు కొడుత గదా, నా ముంగట పడతయి. సదవ. వచ్చినదాన్ని వచ్చినట్టు మడుస్త."

ఆయన నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. వారం వారం అంత మంది మనసులు చేతిలో పెట్టుకుని ఒక్కటీ చదవని మనిషి ముందు నేను కూర్చుని ఉన్నాను.

అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఇగ లొల్లే లేదు. గా అమ్మాయి తప్ప బయటోళ్లు ఎవరు సూడలే. సూసింది మన టీచరమ్మ. కొత్తది ఎక్కియ్యి, దుకాణం తెరువు. ఎవరికి చెప్పుడు వద్దు."

"నేను సదివినోళ్లకు చెప్పాలె గదా సార్."

"ఎందుకక్కా? చెప్తే ఆళ్లకు బాధ. చెప్పకపోతే ఎవరికి బాధ?"

నిజంగానే చెప్పకపోతే ఆ కోడలికి ఏమీ కాదు. వచ్చే శనివారం వస్తుంది, తలుపు పక్కన కూర్చుంటుంది. చెబితే బహుశా ఇక రాదు. ఆమెకు చేతులు కడుక్కుని కూర్చునే చోటు ఈ లోకంలో అదొక్కటే. నా పాపం కడుక్కోవడానికి ఆమె కూర్చునే చోటును లాగేయడం ఏం ధర్మం అని నాకే అనిపించింది.

కానీ చెప్పకపోతే నేను ఆమెను ఎట్లా చూడాలి? ప్రతి శనివారం ఆమెకు తెలియకుండా ఆమె గురించి తెలిసిన కళ్లతో చూడాలి. ఆమె దేవుడికి చెప్పుకున్నది నేను నా దగ్గర పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు పేర్లు చదవాలి. గురువుగారు ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. ఆయన ఏమీ అనేవారు కాదు. పోయి చెప్పిరా అన్నట్టు తలుపు వైపు చూసేవారు.

* * *

ఆ మధ్యాహ్నమే గౌడవెల్లికి ఆటోలో పోయాను. రైల్వే స్టేషను దాటి లోపలికి పోతే వరి పొలాల మధ్య పాతిక ఇళ్ల వాడ. కోడలు వాకిట్లో తన అత్త దుప్పటి ఉతుకుతోంది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏందక్కా, గింత ఎండల? శెప్పకుండ?"

లోపలి నుంచి అవ్వ గొంతు వచ్చింది. "ఎవరే?"

"టీచరమ్మ అత్తమ్మా. జర ఆగు."

నేను ఆలస్యం చేస్తే చెప్పలేనని తెలుసు. వాకిట్లోనే, లోపలికి వినబడకుండా చెప్పాను. రశీదు ఎవరికైనా తెరుచుకునేట్టు ఉండిందని, అట్లా ఉండటానికి కారణం నేనేనని, నేను బస్సులో కూర్చుని ఆమె రాసింది చదివానని. ఇంకెవరూ చూడలేదని కూడా చెప్పాను. సాకులు చెప్పకూడదని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అయినా ఒకటి రెండు నోట్లోంచి వచ్చాయి.

ఆమె బకెట్‌లోంచి దుప్పటి తీసి, ఒక చివర నా చేతిలో పెట్టింది. ఇద్దరం చెరో వైపు తిరిగి పిండాం. నీళ్లు మా కాళ్ల మీద పడ్డాయి. దాన్ని దండెం మీద ఆరేశాక, ఆ దుప్పటి వెనక నిలబడి, నాకు ముఖం కనబడకుండా మాట్లాడింది.

"మనుషులకు చెప్పలేక మిషిన్ల రాసిన అక్కా. మిషిన్‌కు నోరుండది అనుకున్న."

"నోరు దానికి లేదు. కండ్లు నావి."

"ఊఁ." దుప్పటి అంచు సరిచేసింది. "నువ్వు శాస్త్రం సదివినదానివి. నేను రాసింది పాపమేనా?"

ఎంతోమంది నన్ను అడిగే ప్రశ్న అది, రకరకాల విషయాల మీద. నా దగ్గర ఎప్పుడూ ఒక శ్లోకం ఉంటుంది. ఆ రోజు లేదు. "నాకు తెల్వదు. నేను సదివింది పాపం. అది మాత్రం తెల్సు," అన్నాను.

"మొన్న మా అత్త పేరు వచ్చినప్పుడు మీరందరు ఆయుష్షు కలగాలె అన్నరు. నేను గూడ మీతోనే అన్న. నోరు ఊకోదు గదా." ఆమె గొంతులో నవ్వులాంటిదేదో ఉంది. "ఇరవై మంది ఉండమంటుంటే, నేనొక్కదాన్ని తీసుకపొమ్మని రాసిన. సామి ఎవరిది ఇంటడు?"

అప్పుడే లోపలి నుంచి అవ్వ మళ్లీ పిలిచింది. పోయి మంచం పక్కన కూర్చున్నాను. గది శుభ్రంగా, సబ్బు వాసనతో ఉంది. పక్క మీద ఒక్క ముడత లేదు. అవ్వ నా చేయి తడిమి చూసింది.

"నువ్వు గా భజనాయన బిడ్డవే గదా? మీ నాయిన తాళం ఎప్పుడూ తప్పుతనే ఉండె."

"అవునవ్వా. నాకు గూడ అదే వచ్చింది."

"నవ్వకు. వీపంత పుండ్లయినయి. నా కోడలికి నిద్ర లేదు, నాకు సావు లేదు." ఎవరి మీదా కోపం లేకుండా, వాన పడలేదని చెప్పినంత మామూలుగా అంది. "ఇంకెన్ని దినాలని రాసి ఉందే బిడ్డా? సదువుకున్నదానివి, జర సూసి చెప్పు."

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. మా ఇద్దరి కళ్లూ కలిశాయి. నేను అవ్వ చేయి పట్టుకున్నాను. మా నాయిన పాడేది ఒకటి మొదలుపెడితే అవ్వ అందుకుంది. గొంతు లేదు, తాళం మాత్రం మంచం పట్టె మీద వేలితో సరిగ్గా వేసింది.

వచ్చేటప్పుడు కోడలు ఆటో దాకా వచ్చింది. కోరికల కవరు ఇంకా మా దగ్గరే ఉందని, ఏకాదశి లోపల ఆమె కాగితం తెచ్చి ఇచ్చేస్తానని చెప్పాను.

"వద్దు. అడిగింది అడిగిన. మట్టిల కలుపు." ఆటో కడ్డీ పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "గాని అక్కా, మల్ల ఒక కట్టకు కడుత. ఆమె పేరు వచ్చినప్పుడు నువ్వు ఆయుష్షు అనకు. ఏమీ అనకు. పేరు సదివి ఊకో."

"నువ్వు వస్తవా శనివారం?"

"ఎండైతాంది, పో," అంది.

* * *

ఆ వారంలో మిగిలిన పది మందికీ ఫోను చేసి చెప్పాను. కుక్క పోయినామె నవ్వి, కుక్క దొరికిందని చెప్పింది. ఒకాయన నన్ను చాలా మాటలు అన్నాడు. అన్నీ విన్నాను. ఇంకొకామె అంతా విని, ఏమీ అనకుండా ఫోను పెట్టేసింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. దుకాణంలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఇప్పుడు రశీదు అడిగితే అది మళ్లీ ఓటీపీ అడుగుతోంది. మళ్లీ ఫోన్లు. ఓటీపీ మాత్రం నాకు చదివి చెప్పొద్దు, మీరే కొట్టండి అంటూ ఒక్కొక్కరికీ ఓపిగ్గా నేర్పుతున్నాను. బౌరంపేట్ అమ్మాయి కూడా రెండు శనివారాలు వచ్చి, ముసలివాళ్ల పక్కన కూర్చుని నేర్పింది. ఆమెను మావాళ్లు ఓటీపీ బిడ్డ అంటున్నారు.

ఆ శనివారం మూడింటికి జాబితా నా చేతికి వచ్చింది. ఆరో పేరు అవ్వది. తలుపు పక్కన చోటు ఖాళీగా ఉంది. మొదటి కట్ట అయింది, రెండోది అయింది. నేను తలుపు వైపు చూడకూడదని అనుకుంటూనే చూస్తున్నాను. నాలుగో కట్ట సగంలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వచ్చింది. ఫ్యాక్టరీ చీర మీదనే వచ్చింది ఆమె. బండి పంక్చరైందని పక్కామెకు సైగ చేసి, చేతులు కడుక్కుని, విభూతి అద్దుకుని తన చోట్లో కూర్చుంది. నా వైపు చూడలేదు.

ఆరో పేరు చదివాను. గోత్రం చదివాను. అక్కడ ఆగాను.

ఇరవై మంది కలగాలి అనడానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఏమీ అనలేదు. కింద కడ్డీల కోత చాలా రోజుల తరువాత నాకు వినబడింది. పేర్లు రాసుకోవడానికి వచ్చిన అధ్యక్షుడు మెడ సాచి, "టీచరమ్మా, ఆయురారోగ్యాలు మర్చినవు," అన్నాడు.

"మర్వలే సార్. గీ కట్టకు పేరొక్కటే," అన్నాను.

ఆయన అందరి ముఖాలూ చూసి, పేరు రాసుకున్నాడు. పత్తి పంచాను. తలుపు పక్కన ఆమె తల వంచుకుని మొదటి వత్తి మెలితిప్పింది. నేనూ ఒకటి చేశాను, ఆ పేరు అనుకుంటూ, దాని వెనక ఇంకేమీ అనుకోకుండా. నూట ఎనిమిది పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు.